ఒంటి చేత్తో కొట్టిన పేజీ

అరచేయంత నల్ల డబ్బా, మూతి మీద వరసగా ఎర్ర దీపాలు, వీపున రెండు తోకలు. ఇంతే నేను. ఒక తోక కంప్యూటర్‌కి తగిలిస్తారు, రెండోది గోడలోంచి వచ్చే టెలిఫోన్ తీగకి. నన్ను మోడెమ్ అంటారు. కంప్యూటర్ మీద కొట్టిన అక్షరాన్ని కూతగా మార్చి తీగలోకి వదలడం, అవతలి నుంచి వచ్చిన కూతను మళ్ళీ అక్షరం చేసి తెర మీద పెట్టడం నా ఉద్యోగం. ఈ ఉద్యోగం చేస్తూ చేస్తూనే నేను ఒక పసిపిల్ల ప్రాణం మీదికి తెచ్చాను. ఆ సంగతి చెప్పడానికే ఇప్పుడు నోరు తెరిచాను. మామూలుగా నేను నోరు తెరిస్తే జనం చెవులు మూసుకుంటారు, అంత కీచుగా ఉంటుంది నా గొంతు. ఈసారి మెల్లగానే చెప్తాను.

నేను ఏ దేశంలో పుట్టానో నా అడుగున అంటించిన చీటీ మీద ఉండేది. విశాఖపట్నం ఉక్కకి ఆ అక్షరాలు ఏడాదిలోనే చెరిగిపోయాయి. పుట్టిన చోట ఒక అమ్మాయి నన్ను చేతిలోకి తీసుకుని, దీపాలు వెలిగాయో లేదో చూసి, 'బాగుంది' అని చిన్న సంతకం పెట్టి పక్కన పెట్టింది. నా గురించి ఒక మనిషి అనుమానం లేకుండా చెప్పిన మాట అదొక్కటే. ఆ తర్వాత వచ్చినవాళ్ళందరూ నన్ను అనుమానంగానే చూశారు.

మొదట ఒక రొయ్యల ఎగుమతి ఆఫీసులో పెట్టారు. అక్కడి మేనేజరు గారికి నా అరుపంటే భయం. నేను అవతలి మోడెమ్‌ని పిలిచేటప్పుడు చిలకపంజరం మీద కప్పినట్టు నా మీద తువ్వాలు కప్పేవారు. దసరాకి మాత్రం తువ్వాలు తీసి, కుంకుమ బొట్టు పెట్టి, దండం పెట్టారు. ఆ కుంకుమ నా గాలి కన్నాల్లో ఇప్పటికీ కొంచెం ఉంది. తర్వాత ఒక షిప్పింగ్ ఏజెన్సీ వాళ్ళు కొనుక్కున్నారు. వాళ్ళకి నాకంటే వేగంగా అరిచేది ఒకటి రాగానే, నన్నూ ఒక పాత కంప్యూటర్‌నీ వాళ్ళ గుమాస్తా దాలినాయుడు ఇంటికి పంపించారు. ఏ ఓడ ఎప్పుడొస్తుందో ఇంటి దగ్గర్నుంచే కబురు పెట్టడానికి ఆఫీసువాళ్ళే ఫోను కూడా వేయించారు.

అల్లిపురంలో రెండు గదుల కింది వాటా. వీధివైపు కిటికీ, కిటికీ పక్కన బల్ల, బల్ల మీద కంప్యూటరు, ఫోను, నేను. ఆ ఇంట్లోనే నాకు నూకరత్నం దొరికింది.

రత్నం దాలినాయుడి భార్య. అప్పటికి ఇరవై ఏళ్ళు. తండ్రి డాక్‌యార్డులో కాలు విరగ్గొట్టుకున్న ఏడాది తొమ్మిదో క్లాసు మధ్యలో బడి ఆగిపోయింది. తర్వాత ఆరు నెలలు టైపు నేర్చుకుంది, పరీక్ష రాయకముందే పెళ్ళయింది. పదకొండు నెలల పాప, పేరు ఝాన్సీ. రత్నాన్ని గురించి ఇంకేం తెలియకపోయినా ఇది ఒక్కటి తెలిస్తే చాలు. పాప నిద్రపోతున్నప్పుడు పావుగంటకోసారి వచ్చి, ముక్కు కింద వేలు పెట్టి చూసేది. వేలికి వెచ్చగా తగిలితేనే మళ్ళీ వంటింట్లోకి వెళ్ళేది.

పాప తుమ్మితే క్లినిక్‌కి ఫోను. విరేచనం రంగు మారితే ఫోను. దాలినాయుడు మంచివాడే, కానీ నవ్వేవాడు.

"ఏటే రత్నం, ఇవాళ డాట్టరు గారికి ఎన్నిసార్లు ఫోను సేసినావు? ఆ కాంపౌండరు నీ గొంతు మీద పాట కట్టేస్తన్నాడంట."

రత్నం కూడా నవ్వేది. నవ్వి, వాకిట్లోకి వెళ్ళి కాసేపు నిలబడి వచ్చేది.

ఒకరోజు దాలినాయుడి చొక్కా ఉతకబోతూ జేబులో ఒక కాగితం చూసింది. ఓడల ఆఫీసు కుర్రాళ్ళు ఎవరో ఇచ్చిన కాగితం. 'తీరం బోర్డు. మోడెమ్ ఉన్నవారు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు లోపు' అని రాసి, కింద ఒక ఫోన్ నంబరు. భర్త నన్ను ఎలా వాడతాడో రోజూ చూస్తూనే ఉంది. పాప నిద్రపోయాక ఆ నంబరు కొట్టింది. నేను అరిచాను. అవతల ఇంకొకడు అరిచాడు. తెర మీద ఒక్కొక్క వరసా దిగింది.

తీరం బోర్డు అంటే ఏదో పెద్ద కార్యాలయం అనుకునేరు. డాబా గార్డెన్స్‌లో పైడిరాజు మాస్టారి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఒక మూల ఉన్న ఒకే ఒక్క కంప్యూటరు అది. మధ్యాహ్నం ఇన్‌స్టిట్యూట్‌కి విరామం. ఆ మూడు గంటలూ మాస్టారు తన ఫోను తీగ తీసి మోడెమ్‌కి తగిలించేవారు. ఊళ్ళో ఎవరైనా తమ మోడెమ్‌తో ఫోను చేసి లోపలికి రావచ్చు. ఒకే తీగ కాబట్టి ఒకసారికి ఒక్కరే. ఒకరు లోపల ఉంటే మిగతావాళ్ళకి ఎంగేజ్ కూత. నాలుగు కొట్టగానే తీగ మళ్ళీ ఫోనుకి, మాస్టారు మళ్ళీ టైపు క్లాసుకి.

లోపల ఒక ఆట ఉండేది. దాని పేరు చిక్కుదారులు. బొమ్మల్లేవు, చప్పుళ్ళు లేవు, ఉత్త మాటలే. మొదటి పేజీ మాస్టారు రాశారు. 'నువ్వెక్కిన ఓడ మునిగింది. ఒడ్డుకు కొట్టుకొచ్చావు. ఎదురుగా దీపస్తంభం, పక్కన బోర్లించిన పడవ. దీపస్తంభం ఎక్కాలంటే 1 నొక్కు. పడవ కింద చూడాలంటే 2 నొక్కు.' నొక్కితే తర్వాతి పేజీ వస్తుంది, దాని కింద మళ్ళీ రెండు దారులు. అలా పోగా పోగా ఒకచోట పేజీ ఉండదు. 'ఇక్కడి నుంచి ఎవరూ రాయలేదు. మీరు రాయండి' అని వస్తుంది. అక్కడికి చేరినవాళ్ళు ఒక పేజీ రాసి, కింద రెండు దారులు వదిలి వెళ్ళిపోవాలి. తను వదిలిన దారిలో తను నడవకూడదు. ఇంకొకరెవరైనా వచ్చి నడిచి, రాయాలి. ఇంకో నియమం, అసలు పేర్లు అడగకూడదు. మొదటిసారి వచ్చినప్పుడు పేరూ ఇంటి చిరునామా ఫోన్ నంబరూ రాయించుకునేవారు, కానీ ఆ చిట్టా తెరిచి చూడనని మాస్టారు మాటిచ్చారు. నలభైమంది మనుషులు మొహాలు తెలియకుండా ఒకే కథ రాసుకుంటున్నారు. ఎదురుగా కూర్చుంటే ఒకరి మాట ఒకరు సాగనివ్వని మనుషులు తీగకి అటూ ఇటూ కూర్చుని ఎంత మర్యాదగా ఉంటారో చూసి నాకు ముచ్చటేసేది.

రత్నం తన పేరు 'తొమ్మిది' అని పెట్టుకుంది. ఎందుకో ఎవరికీ తెలియదు. తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేది, అందరూ అంతే. పడవ కింద చూసే దారిలో ఆమె రాసిన పేజీ ఒకటుంది. పడవ కింద ఒక ముసలమ్మ కూర్చుని ఎండుచేపల్ని ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలుస్తుంటుంది. పేరు గుర్తొచ్చిన చేప ఎగిరి సముద్రంలోకి పోతుంది. గుర్తురానిది ఎండిపోయి అలాగే ఉంటుంది. ఆ పేజీ చదివి 'లంగరు' అని పేరు పెట్టుకున్న ఒకాయన బోర్డు మీద రాశాడు.

"తొమ్మిది గారూ, తమరు ఏ కాలేజీలో లెక్చరరు?"

రత్నం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. పాప లేస్తుందని చప్పుడు రాకుండా నవ్వింది. తర్వాత రెండు చేతులా జవాబు కొట్టింది: "కాలేజీ పేరు చెప్పకూడదు కదండీ."

ఆ ఊళ్ళో ఆమెని చూసి నవ్వని చోటు, ఆమె మాటకి విలువిచ్చే చోటు ఇదొక్కటే. ఈ మాట గుర్తుపెట్టుకోండి. లేకపోతే తర్వాత ఆమె చేసిన పని మీకూ పిచ్చిగానే కనిపిస్తుంది.

లంగరు గురించి కూడా చెప్పాలి. మంచి చెయ్యి అతనిది, కానీ ఏ భయాన్నీ భయంగా ఉండనిచ్చేవాడు కాదు. అతని దారిలోకి పులి వస్తే దానికి జలుబు చేసి ఉండేది. దయ్యం వస్తే దారి అడిగి వెళ్ళిపోయేది. అందరికీ అతనంటే ఇష్టం.

శ్రావణమాసం, మంగళవారం. దాలినాయుడి అప్ప వచ్చింది. రత్నానికి వదిన. వాకిట్లో కూర్చుని వేయించిన వేరుశనగ పలుకులు తింటూ పాప నోట్లో ఒకటి పెట్టింది. పాప ఒక్కసారి ఉక్కిరిబిక్కిరైంది. మొహం ఎర్రగా కందిపోయింది. దగ్గింది, దగ్గింది, ఊరుకుంది. రత్నం పాపని బోర్లా పట్టుకుని వీపు మీద తడుతూ ఏడుస్తూనే ఉంది.

"ఓలమ్మో, ఊరుకోవే! పలుకు లోపలికెల్లిపోనాది. మేం పెంచలేదేటి పిల్లల్ని? నీ ఏడుపుకే గుంట జడుసుకుంటాది!" అంది వదిన.

నిజంగానే పాప గంటలో ఆడుకుంది. రాత్రి అన్నం తింది. దాలినాయుడు, వదిన కలిసి నవ్వుకున్నారు. బుధవారం కాస్త దగ్గు. గురువారం తెల్లారేసరికి ఒళ్ళు వెచ్చగా ఉంది.

ఆ గురువారం దాలినాయుడు పొద్దున్నే లాంచీలో వెళ్ళిపోయాడు. హార్బరు బయట నిలబడ్డ ఓడ దగ్గరికి, సాయంత్రం దాకా రాడు. అక్కడికి ఫోను ఉండదు. బయట ముసురు. రత్నం తొమ్మిదింటికి క్లినిక్‌కి ఫోను చేసింది. కాంపౌండరు ఎత్తాడు. ఆ మాటలు నా పక్కనే జరిగాయి.

"మళ్ళీ మీరేనా అమ్మా? ఈ వారంలో ఇది నాలుగోసారి."

"కొంచెం వెచ్చగా ఉందండీ. ఊపిరి కూడా..."

"ఊపిరి ఉంది కదా? జబ్బు మీ పాపకి కాదమ్మా, మీకు. డాక్టరు గారు సాయంత్రం ఆరింటికొస్తారు, అప్పుడు రండి."

అవతల ఇంకెవరో కూడా నవ్వడం వినిపించింది. రత్నం రిసీవరు పెట్టేసింది. పెట్టేసి, ఇంక చెయ్యను అంది. పాపతో అందో, నాతో అందో.

రెండున్నరకి మొదలైంది ఈల. పాప ఊపిరి లోపలికి తీసిన ప్రతిసారీ సన్నగా ఒక ఈల. కూతల్లో పుట్టి పెరిగినవాణ్ణి నేను. తీగ మీద ఎక్కడ అడ్డు పడిందో కూత విని చెప్పగలను. ఆ ఈల వింటే నాకు తెలిసిపోయింది, లోపల ఎక్కడో ఏదో అడ్డుంది. చెప్పడానికి నాకు నోరు లేదు. నా నోరు ఇంకొకరి మాటలకే తెరుచుకుంటుంది.

రత్నం పాపని పడుకోబెడితే ఈల ఎక్కువైంది. ఎత్తుకుంటే కొంచెం తగ్గింది. ఎడమ భుజం మీద వేసుకుని గదిలో అటూ ఇటూ తిరిగింది. ఫోను దగ్గర ఆగింది. రిసీవరు తీసింది. క్లినిక్ నంబరులో మూడంకెలు తిప్పింది. పెట్టేసింది. ఇంకో రెండుసార్లు తిరిగింది. తర్వాత వచ్చి కంప్యూటరు ముందు కూర్చుని, నాకు పని చెప్పింది.

మూడు కావడానికి పది నిమిషాలుంది. బోర్డు ఖాళీగా దొరికింది. చిక్కుదారుల్లో ఆమె పడవ దారిలోంచి, గుహ దారిలోకి పోయి, పేజీ లేనిచోట ఆగింది. రాయడం మొదలుపెట్టింది. ఎడమ చేత్తో పాపని పట్టుకుని, కుడి చేత్తో ఒక్కొక్క అక్షరం కొట్టింది.

'గుహలో ఒక తల్లి ఉంది. ఆమె బిడ్డ మొన్న ఒక గింజ మింగింది. దగ్గింది, ఊరుకుంది. అందరూ ఏం కాదన్నారు. ఈరోజు ఊపిరి తీస్తుంటే ఈల వస్తోంది. కుడివైపు డొక్క లోపలికి పోతోంది. తల్లికి భయంగా ఉంది. కానీ ఆ తల్లికి ఎప్పుడూ భయమే. బిడ్డ దానంతటదే తేరుకునేదాకా చూడాలంటే 1. అందరూ నవ్వినా సరే గుహ బయటికి పరుగెత్తాలంటే 2.'

అది నా నోటి గుండానే వెళ్ళింది. అక్షరం అక్షరం నేనే మోశాను. మనుషులు చాలా విచిత్రమైనవాళ్ళండీ. అడగాల్సిన మాట అడిగితే నవ్వుతారని, దానికి గుహ కట్టి, గింజ పెట్టి, కథ చేసి అడుగుతారు. అవతలివాళ్ళు గుహనే చూస్తారు.

నియమం ప్రకారం ఆమె ఇంక అక్కడ ఏమీ చేయడానికి లేదు. తన దారిలో తను నడవకూడదు. ఎవరో ఒకరు వచ్చి రాయాలి. లైను పెట్టేసింది. గోడ గడియారం చూస్తూ కూర్చుంది. మూడూ పది. మూడుంపావు. పాప పాలు తాగనంది. మళ్ళీ నంబరు కొట్టమంది. ఎంగేజ్. ఎవరో లోపల ఉన్నారు. ఎవరో ఆమె పేజీ చదువుతున్నారు. రెండు నిమిషాలాగి మళ్ళీ. ఎంగేజ్. మళ్ళీ. ఎంగేజ్. పదిసార్లు కొట్టించింది నాచేత. ప్రతి ఎంగేజ్ కూతకీ మధ్య పాప ఈల. రెండూ ఒకదాని వెనక ఒకటి, ఒకటే తాళం.

మూడూ నలభైకి తగిలింది.

రాసింది లంగరు. ఆ మధ్యాహ్నం ఎవరైనా రాయగలిగే పేజీల్లోకల్లా అందమైనది రాశాడు. 1 నొక్కాడు. 'తల్లి బిడ్డని ఒళ్ళో వేసుకుని చూస్తూ కూర్చుంది. బిడ్డ ఈల విని గుహలోకి పిట్టలొచ్చాయి. ఒకటి, పది, వెయ్యి. బిడ్డ కడుపులో గింజ మొలకెత్తింది, పిట్టలకి నీడ కావాలి కదా మరి. బిడ్డ నవ్వి, తుమ్మింది. గింజ ఎగిరొచ్చి తల్లి ఒళ్ళో పడింది, ముత్యంలా. తొమ్మిది గారూ, మీరు భయపెడితే నేను ఊరుకుంటానా?'

రత్నం చదివింది. మళ్ళీ చదివింది. ఆమె భుజాలు కిందికి దిగడం నేను చూశాను. ఎవరో ఒకరు ఆమెతో నెమ్మదిగా, ప్రేమగా, ఆగు అన్నారు. ఆగితే బాగవుతుందన్నారు. నాకు దీపాలన్నీ ఒక్కసారి ఆర్పేసుకుని ఆ పేజీని మింగేయాలనిపించింది. ఇలాంటి తప్పు ఇలాంటి మనుషులే చేయగలరు. ఆ ఇద్దరిలో ఎవరూ చెడ్డవాళ్ళు కాదు, ఎవరూ అబద్ధం చెప్పలేదు. పాప మాత్రం ఈల వేస్తూనే ఉంది.

రత్నం కుడి చేత్తో లంగరుకి జవాబు కొట్టడం మొదలుపెట్టింది. 'చాలా బాగా రాశారు. ధైర్యం వచ్...'

అక్షరాలు ఆగిపోయాయి. తెర మధ్యలో వేరే వరస దిగింది.

"తొమ్మిది గారూ, ఆగండి. నేను మాస్టారిని."

పైడిరాజు మాస్టారు భోజనం చేసి అప్పుడే ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చారు. నాలుగింటికి బోర్డు మూయాలి కదా, తెర ముందు కూర్చున్నారు. లోపలున్న మనిషి కొట్టే ప్రతి అక్షరం ఆయన తెర మీద కూడా పడుతుంది, కొట్టినప్పుడే పడుతుంది.

"మీరు ఒంటి చేత్తో కొడుతున్నారు."

రత్నం బిత్తరపోయి కిటికీ వైపు చూసింది, బయట ఎవరైనా నిలబడి చూస్తున్నారేమోనని.

"ఇరవై రెండేళ్ళుగా పిల్లల చేతులు చూస్తున్నానమ్మా. ఎడమ చెయ్యి కొట్టాల్సిన అక్షరాలన్నీ ఆలస్యంగా వస్తున్నాయి. కుడి చెయ్యి అంతదూరం నడిచి వస్తోంది. మీరు రెండు చేతులా చక్కగా కొట్టే మనిషి. చేతికి దెబ్బ తగిలిందా?"

"లేదండీ. చేతిలో పాప ఉంది."

వానకి తీగ తడిసి మధ్యమధ్యన తెర మీద పిచ్చి గుర్తులు పడుతున్నాయి. ఆయన ఆమె పేజీ చదువుతున్నారని నాకు అర్థమైంది. తర్వాత ఒకే వరస వచ్చింది.

"అమ్మా, ఆ పేజీ కథ అయితే 1 నొక్కండి. నిజమైతే 2 నొక్కండి. నేను నవ్వను."

రత్నం వేలు గాల్లో నిలబడిపోయింది. 1 నొక్కితే అంతా మామూలే. లెక్చరరు తొమ్మిది గారు మంచి కథ రాశారు. 2 నొక్కితే ఆ బోర్డు మీద కూడా ఆమె ఆమే అయిపోతుంది, వారానికి నాలుగుసార్లు ఫోను చేసే మనిషి. పాప తల ఆమె మెడ మీద వాలింది. ఆ బరువు ఎలా తెలిసిందో ఏమో, రత్నం మొహం మారిపోయింది.

2 నొక్కింది.

ఆ అంకె నా నోట్లోంచి బయటికి వెళ్ళింది. అది నేను ఒట్టేసి చెప్తాను. వెళ్ళిన మరుక్షణం తీగలో ఎక్కడో నీళ్ళు పడి పెళపెళమంది. తెర నిండా పిచ్చి గుర్తులు. లైను తెగింది. నా దీపాల్లో అన్నిటికంటే ముఖ్యమైనది ఆరిపోయింది.

2 అవతలికి చేరిందా? నాకు తెలియదు. రత్నానికీ తెలియదు. మళ్ళీ కొట్టమంది. ఎంగేజ్. మళ్ళీ. ఎంగేజ్.

"నవ్వుకుంతన్నారు. ఒకరికొకరు సెప్పుకుని నవ్వుకుంతన్నారు," అంది రత్నం. అంత ఒట్టిపోయిన గొంతు నేనెప్పుడూ వినలేదు.

అప్పుడు ఈల ఆగింది.

ఆగితే మంచిదే అనుకుంటాం. కాదు. పాప నోరు తెరుస్తోంది, డొక్క లోపలికి పోతోంది, చప్పుడు మాత్రం లేదు. పెదవుల చుట్టూ నీలం. రత్నం ముక్కు కింద వేలు పెట్టి చూసింది. ఎంత వెచ్చదనం తగిలిందో నాకు తెలియదు. ఒక్కసారి లేచింది, కుర్చీ వెనక్కి పడింది. "నవ్వితే నవ్వనీ!" అని గట్టిగా అరిచింది, వీధంతా వినపడేలా. చీర కొంగు పాప మీద కప్పి, చెప్పుల్లేకుండా, తలుపు తీసినది తీసినట్టే వదిలేసి వానలోకి పరుగెత్తింది.

కిటికీ లోంచి విన్నాను. ఆటో లేదు. ఎవరిదో తలుపు బాదింది, తీయలేదు. ఇంతలో సందు మొదట్లో స్కూటరు హారను, ఆగకుండా.

"అమ్మా! తొమ్మిదో నంబరు... కాదు, తొమ్మిది గారు మీరేనేటి?"

"ఎవరు మీరు?"

"నాను లంగరునమ్మా! గుంపస్వామి నా పేరు. మాస్టారు ఫోను సేసినారు. బండెక్కండి. ఎక్కండమ్మా, తర్వాత తిట్టుదురు గాని!"

స్కూటరు చప్పుడు దూరమైంది. ఇంట్లో ఎవరూ లేరు. కుర్చీ పడి ఉంది. నాలుగు కొట్టింది. ఫోను మోగింది. పన్నెండుసార్లు మోగి ఆగింది, మళ్ళీ మోగింది. ఎత్తే అధికారం నాకు లేదు. వాన జల్లు కిటికీ లోంచి నా మీద పడుతోంది. ఆ రెండు గంటలు నా జీవితంలో ఎంత పొడవో చెప్పలేను.

ఆరింటికి దాలినాయుడు వచ్చాడు. తెరిచిన తలుపు చూసి వాకిట్లోనే ఆగిపోయాడు. "రత్నం?" అన్నాడు. మళ్ళీ "రత్నం" అన్నాడు. అప్పుడే ఫోను మోగింది. ఎత్తాడు. విన్నాడు.

"ఏటి? ఏ ఆస్పత్రండీ?... మాస్టారూ, ఒక్కటి సెప్పండి. గుంట ఉందా?"

అవతలి జవాబు నాకు వినపడలేదు. దాలినాయుడు నేల మీద కూర్చుండిపోయి రెండు చేతులా మొహం కప్పుకున్నాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. లేచి, తాళం వేయడం మరిచిపోయి పరుగెత్తాడు.

మిగతాదంతా తర్వాత బోర్డు మీద ముక్కలు ముక్కలుగా చదివాను. 2 చేరింది. మాస్టారు బోర్డు పెట్టాక మొదటిసారి ఇచ్చిన మాట తప్పి, పేర్ల చిట్టా తెరిచారు. అల్లిపురం అని చూసి, దానికి దగ్గరలో ఉన్నదెవరా అని వెతికితే దొరికింది లంగరు. రత్నానికి వినిపించిన ఆ ఎంగేజ్ కూత నవ్వు కాదు. మాస్టారు లంగరుకి ఫోను చేస్తుండటం. లంగరు షిప్‌యార్డులో డ్రాయింగులు గీసే మనిషి, ఆ రోజు రెండో షిఫ్టు ఎగ్గొట్టాడు. పెద్దాసుపత్రిలో పాపని చూసిన డాక్టరమ్మ తల్లిని ఒకటే అడిగింది, ఏం మింగింది, ఎప్పుడు. రత్నం తడుముకోకుండా చెప్పింది. అప్పటికే ఒకసారి రాసిన పేజీ కదా. దీపం ఉన్న సన్నటి గొట్టం పంపి, కుడి ఊపిరితిత్తి దారిలోంచి సగం వేరుశనగ పలుకు బయటికి తీశారు. చీకటి పడేదాకా ఆగుంటే ఏమయ్యేదో డాక్టరమ్మ చెప్పలేదు, రత్నం అడగలేదు.

"తల్లీ, మంచి పని చేశావు పరుగెత్తుకొచ్చి," అందట డాక్టరమ్మ. రత్నం ఆ మాటని కూడా బోర్డు మీద రాసింది. రెండు చేతులా కొట్టింది.

లంగరు వారం రోజులు ఆటలోకి రాలేదు. వచ్చాక తను రాసిన పిట్టల పేజీ చెరిపేయమని మాస్టారిని అడిగాడు. రత్నం వద్దంది. "అందమైన పేజీ అది. పిట్టల తప్పేముంది?" అని రాసింది. పేజీ అలాగే ఉంది. కానీ ఆ రోజు నుంచి చిక్కుదారుల్లో ప్రతి పేజీ కింద, రెండు దారుల తర్వాత, మాస్టారు మూడో వరస చేర్చారు. 'ఇది కథ కాకపోతే 3 నొక్కండి.' బోర్డు ఇంకో మూడేళ్ళు నడిచింది. ఆ మూడేళ్ళలో ఇద్దరు 3 నొక్కారు. ఎవరో నేను చెప్పను. బోర్డు నియమం.

తర్వాత ఇంటర్నెట్ వచ్చింది. మాస్టారి ఇన్‌స్టిట్యూట్ గుమ్మం మీది పేరు పలక కూడా మారింది, టైపు మిషన్లు పోయాయి. నేను అటక ఎక్కాను. ఒకరోజు దాలినాయుడు పాత పేపర్లతో పాటు నన్నూ దించి పాత సామాన్లవాడి తక్కెట్లో పెట్టాడు. రత్నం లోపల్నుంచి పరుగెత్తుకొచ్చి తక్కెట్లోంచి నన్ను లాక్కుంది.

"అదెందుకే ఇంకా? పని సెయ్యదు, పెట్టదు," అని దాలినాయుడు నవ్వాడు. తక్కెడవాడు కూడా నవ్వాడు.

"నవ్వండి," అంది రత్నం. ఈసారి వాకిట్లోకి వెళ్ళి నిలబడలేదు.

ఇప్పుడు బీరువాలో పై అరలో ఉన్నాను, పట్టుచీరల పక్కన. నా పక్కనే హోమియో మాత్రల చిన్న గాజు సీసా ఉంది. అందులో నల్లబడిన సగం వేరుశనగ పలుకు. ఆసుపత్రివాళ్ళు ఇస్తే దాచుకుంది. ఆ పలుకు ఆ రోజు పాప ఊపిరికి అడ్డం కూర్చుంది. నేను ఫోనుకి అడ్డం కూర్చున్నాను. మా ఇద్దర్నీ ఒకే అరలో పెట్టడంలో రత్నం ఉద్దేశం ఏమిటో నాకు తెలియదు. మా ఇద్దరిలో ఎవర్నీ పారేయలేదు మాత్రం.

బీరువా తలుపు సందులోంచి గది కనిపిస్తుంది. ఝాన్సీకి ఇప్పుడు పద్నాలుగేళ్ళు, తొమ్మిదో క్లాసు. మధ్యాహ్నం సెలవు రోజుల్లో పుస్తకం మొహం మీద పెట్టుకుని నిద్రపోతుంది. రత్నం వస్తుంది. పుస్తకం తీసి పక్కన పెడుతుంది. చుట్టూ ఎవరూ చూడటం లేదని చూసుకుని, పిల్ల ముక్కు కింద వేలు పెడుతుంది.

కాసేపు అలాగే ఉంచుతుంది.